మేడమ్ రిటైర్మెంట్ వ్యాసం: 41 సైటేషన్ల పేపర్‌ను ముందు పెట్టొచ్చా?

#1 మధ్య రచయిత

నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదివి వెళ్లిపోవడమే గానీ రాసింది లేదు. ఇప్పుడో పని నెత్తిన పడింది, ఎటూ తేలడం లేదు.

మా గైడ్ వచ్చే నెల రిటైర్ అవుతున్నారు. ఇమ్యునాలజిస్ట్. పేగు గోడలో ఉండే రోగనిరోధక కణాల మీద మూడున్నర దశాబ్దాలు పనిచేశారు. సన్మాన సంచికలో ఆమె పరిశోధన మీద రెండు పేజీలు రాయమని నాకు అప్పజెప్పారు. పాత విద్యార్థుల్లో ఖాళీగా దొరికింది నేనే అన్నమాట.

పేపర్ల జాబితా తీశాను. మొత్తం 112. హెచ్-ఇండెక్స్ 34. అన్నిటికన్నా ఎక్కువ సైటేషన్లు, అంటే వేరేవాళ్లు తమ పేపర్లలో ఉదహరించడం, వచ్చింది ఒక సమీక్షా వ్యాసానికి. రెండోది అరవై మందికి పైగా రచయితలున్న పేపర్, అందులో మేడమ్ పేరు ఎక్కడో నడిమధ్యన ఉంటుంది. ఆమెను అడిగితే ఈ రెండింటి ఊసే ఎత్తలేదు. 1990ల మొదట్లో ఒక చిన్న జర్నల్‌లో వచ్చిన పేపర్ గురించి చెప్పి, "దాన్ని ముందు పెట్టు, మిగతాది నీ ఇష్టం" అన్నారు. ఎలుక పేగులో ఒక రకం కణాన్ని గుర్తుపట్టే మోనోక్లోనల్ యాంటీబాడీ తయారుచేసిన పేపర్ అది. తీరా చూస్తే దానికి 41 సైటేషన్లు. ముప్పై ఏళ్లకు పైగా గడిస్తే 41!

సంచిక చూసుకునే ఆయనేమో హెచ్-ఇండెక్స్, మొత్తం సైటేషన్లు, పెద్ద జర్నళ్ల పేర్లు మొదటి పేరాలోనే రావాలంటున్నారు. మేడమ్ మాట వింటే చదివినవాళ్లు "ఇంతేనా?" అనుకుంటారని భయం. ఆయన మాట వింటే మేడమ్ మొహం ఎలా చూడను?

#2 లెక్కల మాస్టారు

సంచిక ఆయన చెప్పిందే చేయండి. సన్మాన సంచిక చదివేవాళ్లలో సగం మందికి పేగు కణాలేమిటో తెలియదు. వాళ్లకు అర్థమయ్యేది అంకె ఒక్కటే. ఎవరికి వాళ్లకు తమ పాత పేపర్ మీద మమకారం ఉంటుంది, మొదటి సంతానం లాగా. మమకారం కొలమానం కాదు. 41 అంటే 41.

#3 కొత్త పాఠకుడు

నేను ఈ రంగం వాడిని కాదు, దారిన పోతూ ఆగాను. హెచ్-ఇండెక్స్ అంటే ఏమిటి? ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అన్నా అదేనా? ఎవరైనా రెండు ముక్కల్లో చెప్పండి, లేకపోతే మీ గొడవ నాకు సగమే అర్థమవుతుంది.

#4 గ్రంథాలయం గది

రెండూ ఒకటి కాదండి. హెచ్-ఇండెక్స్ మనిషిది, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ జర్నల్‌ది.

హెచ్-ఇండెక్స్‌ను 2005లో జార్జ్ హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త ప్రతిపాదించాడు. 34 అంటే, ఆ మనిషి రాసిన పేపర్లలో 34 పేపర్లకు ఒక్కోదానికి కనీసం 34 సైటేషన్లు వచ్చాయని. ఒకే పేపర్‌కు పదివేలు వచ్చినా ఈ అంకె కదలదు. వయసు పెరిగే కొద్దీ ఇది పెరుగుతుందే గానీ తగ్గదు, మనిషి పని మానేసినా సరే.

ఇంపాక్ట్ ఫ్యాక్టర్ యూజీన్ గార్ఫీల్డ్ ఆలోచన. 2024 అంకె కావాలంటే, ఆ జర్నల్‌లో 2022, 2023లలో వచ్చిన వ్యాసాలను 2024లో ఎన్నిసార్లు ఉదహరించారో చూసి, ఆ రెండేళ్ల వ్యాసాల సంఖ్యతో భాగిస్తారు. అంటే అది సగటు. సగటు మీద ఎంత నమ్మకం పెట్టుకోవచ్చో చెప్పడానికి నాకు ఇష్టమైన ఉదాహరణ ఒకటుంది. స్ఫటికశాస్త్రంలో 'ఆక్టా క్రిస్టలోగ్రాఫికా ఎ' అని ఒక జర్నల్. దాని ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 2 దగ్గర ఉండేది. 2009లో ఒక్కసారిగా దాదాపు 50కి ఎగిరింది. కారణం 2008లో షెల్డ్రిక్ రాసిన ఒకే ఒక్క వ్యాసం. ఆయన సాఫ్ట్‌వేర్ వాడిన ప్రతివాళ్లూ దాన్ని ఉదహరించారు. ఆ ఏడాది ఆ జర్నల్‌లో పేపర్ వేసిన మిగతావాళ్లంతా ఏమీ చేయకుండానే గొప్పవాళ్లయిపోయారు.

ఒక పేపర్ విలువను అది అచ్చయిన జర్నల్ అంకెతో తూచొద్దని 2012 డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో కొందరు శాస్త్రవేత్తలు, సంపాదకులు కూర్చుని ఒక ప్రకటన తయారుచేశారు. డోరా అంటారు దాన్ని. సంతకాలు చాలామంది పెట్టారు. అలవాటు మానుకున్నవాళ్లు ఎంతమందో మీకే తెలుసు.

#5 ఎలుకల గది

చిన్న జర్నల్ అనగానే నాకు కోళ్లు గుర్తొస్తాయి.

బ్రూస్ గ్లిక్ అని ఓహాయో స్టేట్ యూనివర్సిటీలో ఒక విద్యార్థి. కోడి తోక దగ్గర ఉండే చిన్న సంచి లాంటి అవయవం, బర్సా ఆఫ్ ఫాబ్రిషియస్, ఎందుకుందో తెలుసుకుందామని కోడిపిల్లలకు దాన్ని తీసేసి చూస్తున్నాడు. ఏమీ తేలలేదు. తిమోతీ చాంగ్ అనే తోటి విద్యార్థికి క్లాసులో యాంటీబాడీలు ఎలా పుడతాయో చూపించడానికి కోళ్లు కావలసివచ్చాయి. గ్లిక్ దగ్గర మిగిలినవి పట్టుకెళ్లాడు. ఇంజెక్షన్ ఇస్తే చాలా కోళ్లలో యాంటీబాడీ పుట్టనే లేదు. క్లాసు పాడైంది. చూసుకుంటే అవన్నీ బర్సా తీసేసిన కోళ్లు!

ఆ పేపర్‌ను 'సైన్స్' తిప్పికొట్టింది. చివరికి 1956లో 'పౌల్ట్రీ సైన్స్'లో వచ్చింది. కోళ్ల పెంపకం వాళ్లు చదివే పత్రిక. ఈరోజు యాంటీబాడీలు తయారుచేసే కణాన్ని బి-కణం అని రోజుకు పదిసార్లు అంటాం, ఆ 'బి' ఈ బర్సాదే.

#6 బెంచ్ బతుకు

కోళ్ల కథకు జోడీ ఇదిగో. క్లోనల్ సెలెక్షన్, అంటే శరీరంలో ముందే రకరకాల కణాలు సిద్ధంగా ఉంటాయి, సూక్ష్మజీవి వచ్చాక దానికి సరిపోయినదే ఎంపికై పెరుగుతుంది అనే ఆలోచన. ఇమ్యునాలజీ మొత్తానికి అదే వెన్నెముక. ఆస్ట్రేలియా శాస్త్రవేత్త బర్నెట్ దాన్ని 1957లో ఎక్కడ వేశాడు? 'ఆస్ట్రేలియన్ జర్నల్ ఆఫ్ సైన్స్'లో, మూడే పేజీలు. నాకు పోస్ట్‌డాక్‌గా మూడో ఏడు. మూడు పేజీల పేపర్ పట్టుకెళ్తే మా బాస్ "బొమ్మలేవీ?" అంటాడు.

#7 లెక్కల మాస్టారు

ఇలాంటి చర్చ ఎక్కడ మొదలైనా పది నిమిషాల్లో కోళ్లు వస్తాయి, బర్నెట్ వస్తాడు. గెలిచినవాళ్ల కథలే మనకు వినబడతాయి. 'సైన్స్' తిప్పికొట్టిన పేపర్లన్నీ బర్సాలు కావు. చిన్న జర్నళ్లలో వచ్చిన పేపర్లలో అత్యధిక భాగం చిన్న పేపర్లే, దాచిపెట్టిన మాణిక్యాలేమీ కాదు. బర్నెట్ అప్పటికే పెద్ద పేరున్నవాడు, ముందుగా తన పేరు నమోదు కావాలని అక్కడ వేశాడు. ఎక్కడ వేసినా చదివేవాళ్లున్నారు ఆయనకు.

నేను ఎంపిక కమిటీల్లో కూర్చున్నాను. ఒక్క పోస్టుకు వందల దరఖాస్తులు. ఒక్కొక్కరి ఐదేసి పేపర్లు నిజంగా చదవాలంటే నా ఉద్యోగం మానుకోవాలి. అంకెను తిట్టడం తేలిక. అది లేకపోతే ఏమవుతుందో తెలుసా? ఎవరు ఎవరి శిష్యుడు అన్నదే చూస్తారు. అంకె కనీసం ఎవరి బంధువూ కాదు.

#8 మధ్య రచయిత

> అంకె కనీసం ఎవరి బంధువూ కాదు.

ఇది మాత్రం నిజమే మాస్టారూ. మా మేడమ్‌కు గాడ్‌ఫాదర్ ఎవరూ లేరు. ఆమెకు మొదటి గ్రాంట్ వచ్చింది పేపర్ల బలం మీదేనని ఆమే చెప్పేవారు.

#9 ప్లీహం

నేను రిటైరై చాలాకాలమైంది, కాబట్టి తీరిక ఉంది, కాస్త పొడుగ్గా రాస్తాను. మాస్టారి మాట కొట్టిపారేయను. కానీ అంకె రెండు వైపులా ఎలా మోసం చేస్తుందో మా కాలంలో కళ్లారా చూశాం.

1970లో గెర్షన్, కొండో అనేవాళ్లు ఒక రకం టి-కణాలు (ఛాతీలోని థైమస్ అనే అవయవంలో పెరిగే రోగనిరోధక కణాలు) రోగనిరోధక చర్యను పెంచడం కాదు, అణచివేస్తాయి అన్నారు. 'సప్రెసర్ టి-కణాలు' అని పేరు. ఇక చూసుకోండి, పదేళ్లపాటు ఎక్కడ చూసినా అవే. కాన్ఫరెన్సుల్లో సగం ఉపన్యాసాలు వాటి మీదే. ఈ కణం ఆ కణాన్ని ప్రేరేపిస్తే అది మరో కణాన్ని అణచివేస్తుంది అని బాణాల గీతలతో బొమ్మలు. ఒకరినొకరు ఉదహరించుకుంటూ సైటేషన్లు కుప్పలు. ఆ కణాల గుర్తు 'ఐ-జె' అనే జన్యువు నుంచి వస్తుందన్నారు. 1983లో ఆ జన్యువు ఉండాల్సిన చోట డీఎన్ఏ చదివి చూస్తే అక్కడ అలాంటి జన్యువే లేదు. రంగం మొత్తం కుప్పకూలింది. ఆ మాట ఎత్తితే గ్రాంట్ పోయే పరిస్థితి. నా స్నేహితుడొకడు తన పేపర్ల జాబితాలోంచి ఆ పదేళ్లను మెల్లగా కిందికి జరిపేశాడు.

అలాంటి రోజుల్లో షిమోన్ సకగుచి అనే కుర్రవాడు ఆ వైపే నడిచాడు. అంతకుముందు 1969లో జపాన్‌లోనే నిషిజుకా, సకకురా ఒక వింత గమనించారు. పుట్టిన మూడో రోజున ఎలుకపిల్లకు థైమస్ తీసేస్తే రోగనిరోధక శక్తి తగ్గాలి కదా? తగ్గడం మాట అటుంచి, శరీరం తన అండాశయాన్నే నాశనం చేసుకుంది. అంటే థైమస్ నుంచి ఆపేవి కూడా ఏవో వస్తున్నాయి. సకగుచి ఆ ఎలుకలకు ఆరోగ్యంగా ఉన్న ఎలుకల టి-కణాలు ఎక్కిస్తే జబ్బు ఆగింది. 1985లో ఒక పేపర్. ఆ కణాల మీద ఉండే గుర్తు సీడీ25 అని తేల్చడానికి 1995 దాకా పట్టింది. పదేళ్లు బాబూ, ఒక గుర్తు కోసం. ఆ పదేళ్లలో మధ్యలో ఎవరైనా ఆయన హెచ్-ఇండెక్స్ తీసి చూసుంటే (అప్పటికి అది పుట్టలేదనుకోండి) ఏమనేవారు?

1995 పేపర్ వచ్చింది 'జర్నల్ ఆఫ్ ఇమ్యునాలజీ'లో. మన రంగంలో గౌరవమున్న పత్రికే, కానీ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ చూసి మురిసిపోయే రకం కాదు. 2025లో నోబెల్.

సప్రెసర్ కణాల పేపర్లకు అప్పట్లో వచ్చిన సైటేషన్లూ నిజమైనవే. ఎవరూ దొంగలెక్క రాయలేదు. జనం దేన్ని పట్టుకుని వేలాడుతున్నారో ఆ అంకె సరిగ్గానే చెప్పింది.

#10 ఎలుకల గది

పెద్దాయన పోస్ట్‌కు చిన్న చేర్పు. ఆ నోబెల్‌ను పంచుకున్న మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ ఆ పని చేసింది యూనివర్సిటీలో కాదు, ఒక బయోటెక్ కంపెనీలో. 'స్కర్ఫీ' అనే జబ్బు ఎలుకలు 1940ల నుంచీ ఉన్నాయి. వాటిలో చెడిపోయిన జన్యువు ఏదో వెతుకుతూ వెతుకుతూ ఫాక్స్‌పీ3ని పట్టుకున్నారు. 2001లో 'నేచర్ జెనెటిక్స్'. రెండేళ్లకు అదే జన్యువు సకగుచి కణాలను నడిపిస్తుందని తేలింది.

ఎలుకల గదిలో పనిచేసేవాడిగా నా గోడు: ఆ స్కర్ఫీ ఎలుకలను అన్ని దశాబ్దాలు తరం తర్వాత తరం బతికించి ఉంచినవాళ్ల పేర్లు ఏ హెచ్-ఇండెక్స్‌లోనూ లేవు.

#11 కొత్త పాఠకుడు

కోవిడ్ టీకా ఆవిడ కూడా ఇమ్యునాలజిస్టే కదా? కరికో. ఆమెను కూడా ముందు ఎవరూ పట్టించుకోలేదని చదివాను.

#12 గ్రంథాలయం గది

కాటలిన్ కరికో బయోకెమిస్ట్ అండి. ఇమ్యునాలజిస్ట్ ఆమెతో కలిసి పనిచేసిన డ్రూ వైస్‌మన్. జిరాక్స్ మెషీన్ దగ్గర పరిచయమయ్యారని ఇద్దరూ చెబుతారు. ఎంఆర్ఎన్ఏలో ఒక అక్షరాన్ని కాస్త మారిస్తే శరీరం దాన్ని శత్రువుగా చూడదని తేల్చిన పేపర్ 2005లో 'ఇమ్యూనిటీ'లో వచ్చింది. వచ్చినప్పుడు పెద్దగా చప్పుడు లేదు. 2023లో నోబెల్.

#13 మధ్య రచయిత

అందరికీ థాంక్స్, చాలా నేర్చుకుంటున్నా. కానీ ఒక మాట. మా మేడమ్‌కు నోబెల్ రాదు, రాలేదు. నేను ఇప్పుడు వ్యాసంలో "సకగుచిని కూడా ఎవరూ పట్టించుకోలేదు" అని రాస్తే జనం నవ్వుతారు, మేడమ్ ముందు నవ్వుతారు. నా దగ్గరున్నది మామూలుగా, నిజాయితీగా పనిచేసిన ఒక మనిషి. ఆ 41 నిజంగా తక్కువేనా, లేక నేనే చూడడం రాక తక్కువనుకుంటున్నానా? నా ప్రశ్న ఇంతే.

#14 బెంచ్ బతుకు

ఇప్పుడు అడిగారు అసలు ప్రశ్న. మీది పద్ధతి పేపర్, అంటే ఒక పనిముట్టు తయారుచేసిన పేపర్. వాటి లెక్కే వేరు.

టిమ్ మోస్మన్ ఉన్నాడు కదా. 1986లో కాఫ్‌మన్ వాళ్లతో కలిసి సహాయక టి-కణాలు రెండు రకాలు, టీహెచ్1, టీహెచ్2 అని చెప్పినవాడు. ఒక తరం ఇమ్యునాలజిస్టులు ఆ రెండు మాటల మీదే బతికారు. ఆయన పేపర్లలో ఎక్కువగా ఉదహరించింది అదనుకుంటారా? కాదు. 1983లో ఒక్కడే రాసిన ఎంటీటీ పరీక్ష. పసుపు రంగు పొడి కలిపితే బతికున్న కణాలు దాన్ని ఊదారంగుకు మారుస్తాయి, రంగును బట్టి ఎన్ని కణాలు బతికున్నాయో లెక్క. మందుల వాళ్లు, మొక్కల వాళ్లు, నానో పదార్థాల వాళ్లు, అందరూ వాడతారు. టి-కణమంటే ఏమిటో తెలియనివాళ్లు కూడా మోస్మన్‌ను ఉదహరిస్తారు. శాస్త్రం మొత్తంలో అత్యధికంగా ఉదహరించిన వంద పేపర్లలో అదొకటి. ఆ జాబితాలో మొదటిది కూడా పద్ధతి పేపరే. ప్రోటీన్ కొలిచే విధానం మీద లోరీ, 1951. మూడు లక్షలకు పైగా సైటేషన్లు.

కాబట్టి పనిముట్టు పేపర్‌కు 41 అంటే నాకు అనుమానంగా ఉంది. ఎవరూ వాడకపోయి ఉండాలి, లేదా వాడినవాళ్లు చెప్పకపోయి ఉండాలి.

#15 లెక్కల మాస్టారు

లేదా వాడదగ్గది కాకపోయి ఉండాలి. మూడో అవకాశాన్ని మర్యాద కోసం వదిలేశారు.

#16 కొత్త పాఠకుడు

వాడుకుని చెప్పకపోవడం అంటే దొంగతనం కాదా?

#17 ప్లీహం

కాదు నాయనా. గాలి పీల్చుకుంటూ ఎవరికీ థాంక్స్ చెప్పం కదా.

జాక్ మిల్లర్ 1961లో 'లాన్సెట్'లో థైమస్ పనేమిటో చెప్పాడు. అప్పటిదాకా ఆ అవయవం దండగ అనుకున్నారు. అప్పటికే నోబెల్ అందుకున్న మెడవార్ అంతటివాడు కూడా థైమస్‌లో లింఫోసైట్లు ఉండటం పరిణామక్రమంలో ఏదో యాదృచ్ఛికం, పెద్ద ప్రాముఖ్యం లేదు అన్నాడు. ఇవాళ టి-కణం అనే మాటలో 'టి' థైమస్‌దే. టి-కణాల మీద ఏటా వచ్చే వేల పేపర్లలో ఎన్నిటి చివర మిల్లర్ 1961 అని కనిపిస్తుంది? దాదాపు ఎక్కడా ఉండదు. పని పాఠ్యపుస్తకంలోకి ఎక్కిన రోజున సైటేషన్ ఆగిపోతుంది. రాబర్ట్ మెర్టన్ అనే సామాజికశాస్త్రవేత్త దీన్ని ఎప్పుడో గమనించి పేరు కూడా పెట్టాడు. మిల్లర్‌కు 2019లో మాక్స్ కూపర్‌తో కలిపి లాస్కర్ బహుమతి ఇచ్చారు, అప్పటికి ఆయనకు ఎనభై ఎనిమిదేళ్లు. ఆ కూపరే 1965లో కోళ్ల మీద ప్రయోగాలు చేసి బి, టి వంశాలు వేరని తేల్చినవాడు.

దీనికి తిరగేసిన ఉదాహరణ కూడా చెప్పాలి. 1988లో 'నేచర్'లో బెన్వెనిస్ట్ పేపర్ వచ్చింది. యాంటీబాడీని ఒక్క అణువు కూడా మిగలనంతగా పలచన చేసినా ఆ నీళ్లు పనిచేస్తాయని. సంపాదకుడు మాడక్స్, మాంత్రికుడు రాండీ, మరొకాయన కలిసి ల్యాబ్‌కే వెళ్లి కూర్చుని చూస్తే అది నిలబడలేదు. ఆ పేపర్‌ను ఇప్పటికీ ఉదహరిస్తూనే ఉంటారు, ఎలా చేయకూడదో చెప్పడానికి. లెక్కలో అదీ సైటేషనే.

#18 బెంచ్ బతుకు

నా కడుపుమంట కూడా కక్కేస్తా. నా పీహెచ్‌డీలో రెండేళ్లు చేసిన పని, మొదటి రచయితగా నా పేరుతో పంపాల్సిన రోజు పొద్దున్నే చూస్తే నేను రెండో స్థానంలో ఉన్నాను. "ఇద్దరూ సమానమే, కింద చుక్క పెట్టాం కదా" అన్నారు. ఆ చుక్కను ఈరోజు వరకు ఒక్క కమిటీ కూడా చూడలేదు. ఎవరైనా ఉదహరిస్తే ఆ అమ్మాయి పేరు, పక్కన 'తదితరులు'. ఆ తదితరుల్లో నేనూ ఒకడిని.

#19 మోడరేటర్

అర్థమైంది బాబూ, కానీ విషయం మేడమ్ వ్యాసం. రచయితల వరుస గొడవకు వేరే చర్చ పెట్టుకుందాం, అక్కడ నా పోస్టే మొదటిది అవుతుంది.

#20 ఎలుకల గది

మోడరేటర్ గారూ, వరుస మాట వచ్చింది కాబట్టి ఒక్కటి చెప్పి వెళ్లిపోతా. పాలీ మాట్జింగర్ 1978లో తన పేపర్‌కు రెండో రచయితగా తన కుక్క పేరు పెట్టింది. గలాడ్రియల్ మిర్క్‌వుడ్, ఆఫ్ఘన్ హౌండ్. "నేను చేశాను" అని రాయడానికి ధైర్యం చాలక, కర్మణి వాక్యాలు రాయడం ఇష్టం లేక, "మేము" అనడానికి ఇంకొకరు కావాలి కదా, అందుకు. పేరున్న 'జర్నల్ ఆఫ్ ఎక్స్‌పెరిమెంటల్ మెడిసిన్'లోనే అచ్చయింది. ఆ కుక్క తదితరుల్లో కూడా కాదు. ఇద్దరే రచయితలు కాబట్టి ఉదహరించిన ప్రతిచోటా దాని పేరు పూర్తిగా వస్తుంది.

#21 గ్రంథాలయం గది

మధ్య రచయిత గారూ, ఇది మా వృత్తి కాబట్టి రెండు పనులు చెబుతాను. చేసి చూసి మళ్లీ రండి.

ఒకటి. మేడమ్ పేరు మధ్యలో మారిందా? పెళ్లికి ముందు ఒక ఇంటిపేరు, తర్వాత ఇంకొకటి, లేదా పొడి అక్షరాలు తారుమారు. సైటేషన్ల డేటాబేసులు అలాంటి మనిషిని ఇద్దరుగా చూస్తాయి. మీ 112 అందులో ఒక్కరివే కావచ్చు.

రెండోది ముఖ్యం. యాంటీబాడీ పేపర్‌కు సైటేషన్లు చూసి లాభం లేదు, క్లోన్ పేరు, అంటే ఆ యాంటీబాడీని తయారుచేసే కణాల వంశానికి పెట్టిన పేరు, వెతకండి. 1975లో కోలర్, మిల్‌స్టీన్ ఇలాంటి యాంటీబాడీలు తయారుచేసే హైబ్రిడోమా పద్ధతి కనిపెట్టినప్పటి నుంచీ ఇదే తంతు. ఒక ల్యాబ్ క్లోన్ తయారుచేస్తుంది, అడిగినవాళ్లందరికీ చిన్న ట్యూబులో పంపుతుంది, కొన్నాళ్లకు ఒక కంపెనీ దాన్ని అమ్మడం మొదలుపెడుతుంది. అక్కణ్నుంచి వాడినవాళ్లు పేపర్‌లో కంపెనీ పేరు, క్లోన్ పేరు రాస్తారు, అంతే. సీడీ4కు జీకే1.5, సీడీ25కు పీసీ61, ఎఫ్‌సీ గ్రాహకాలను మూసేయడానికి 2.4జీ2. ఈ పేర్లు తెలియని ఇమ్యునాలజిస్ట్ ఉండరు. వీటిని మొదట తయారుచేసిన పేపర్లు మీలో ఎంతమంది చదివారు? ఈ మధ్య యాంటీబాడీలకు గుర్తింపు సంఖ్యలు వచ్చాయి, ఆర్ఆర్ఐడీ అంటారు. పాత పేపర్లలో అవి ఉండవు.

పబ్‌మెడ్‌లో వెతక్కండి, అది శీర్షికా సారాంశమే చూస్తుంది. క్లోన్ పేరు ఉండేది లోపల పద్ధతుల విభాగంలో. పబ్‌మెడ్ సెంట్రల్‌లోనో, గూగుల్ స్కాలర్‌లోనో పూర్తి పాఠంలో వెతకాలి. పేరును కొటేషన్లలో పెట్టండి, మధ్యలో గీత ఉన్నట్టు ఒకసారి, లేనట్టు ఒకసారి.

#22 మధ్య రచయిత

రెండు రోజులు మాయమైనందుకు క్షమించండి. కూర్చున్నాను.

ఇంటిపేరు విషయం నిజం. పెళ్లికి ముందు పేరుతో ఇంకో తొమ్మిది పేపర్లు దొరికాయి. ఆమె దగ్గర ఐదేళ్లు చదివి ఈ సంగతి నాకు తెలియదు.

క్లోన్ పేరు ఇక్కడ రాయను, రాస్తే మేడమ్ ఎవరో తెలిసిపోతుంది. వెతికితే మొదట ఇరవై, ముప్పై వచ్చాయి. గీత తీసేసి వెతికితే... నేను లెక్కపెట్టడం మొదలుపెట్టి 300 దాటాక ఆపేశాను. అందులో అసలు పేపర్‌ను ఉదహరించినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అన్నిట్లోనూ కంపెనీ పేరు, బ్రాకెట్‌లో క్లోన్ పేరు. నేను పోస్ట్‌డాక్‌లో రోజూ వాడిన ఒక ప్యానెల్ (ఒక్కోదానికి ఒక్కో రంగు తగిలించి కలిపి వాడే యాంటీబాడీల జట్టు) ఉంది, అందులో మూడో రంగు ఇదే. నేనే వాడాను. నా పేపర్‌లో నేను కూడా కంపెనీ పేరే రాశాను, చూసుకున్నా. మొదటి రచయితను నేనే ఆ పేపర్‌కు.

కాసేపు ఏమీ తోచలేదు.

#23 బెంచ్ బతుకు

అంటే మీ మేడమ్ 41కి మీరు కూడా ఒకటి బాకీ.

#24 లెక్కల మాస్టారు

చూశారా, చివరికి లెక్కపెడితేనే తేలింది. నేను మొదటి నుంచీ అంటున్నదీ అదే.

(వాడదగ్గది కాదేమో అన్నమాట వెనక్కి తీసుకుంటున్నాను.)

#25 ఎలుకల గది

మాస్టారు వెనక్కి తీసుకున్నారు! మోడరేటర్ గారూ, ఈ చర్చను పైన పిన్ చేయండి.

#26 ప్లీహం

మధ్య రచయితా, 300 అని పట్టుకెళ్లి మొదటి వాక్యంలో పెట్టకు. అప్పుడు నువ్వూ సంచిక ఆయనా ఒకటే అవుతారు, అంకె మారిందంతే. ఆ మూడు వందల్లో పద్ధతుల విభాగం పాత పేపర్ నుంచి దించి పెట్టినవీ ఉంటాయి, ప్యానెల్‌లో ఉంది కదా అని వేసి ఆ ఫలితం వైపు చూడనివీ ఉంటాయి. ఒక ఇరవై తెరిచి చదువు. ఈ యాంటీబాడీ లేకపోతే ఆ పేపర్ నిలబడేదా అని ప్రతిదానికీ అడుగు. నిలబడనివి నాలుగైదు దొరికితే, ఆ నాలుగైదు ఏం కనిపెట్టాయో రాయి. రెండు పేజీలు అవే నిండుతాయి.

స్టైన్‌మన్ 1973లో డెండ్రైటిక్ కణాలు, అంటే కొమ్మల్లాంటి చేతులున్న ఒక రకం రోగనిరోధక కణాలు, చూశానన్నప్పుడు చాలామంది ఏళ్ల తరబడి నమ్మలేదు. నమ్మించింది వాదన కాదు. ఆ కణాలను విడిగా పట్టుకుని ఎవరి ల్యాబ్‌లో వాళ్లు చూడగలిగే వీలు వచ్చింది, అప్పుడు నమ్మారు. అలాంటి వీలు కల్పించేవాళ్లు మీ మేడమ్ లాంటివాళ్లే. 2011లో ఆయనకు నోబెల్ ప్రకటించేసరికి ఆయన పోయి మూడు రోజులైంది, కమిటీకి తెలియదు. పాపం.

#27 గ్రంథాలయం గది

పెద్దాయన చెప్పినట్టే చేయండి. ఆ ఇరవైలో మేడమ్ స్వయంగా సహరచయితగా ఉన్నవి మాత్రం పక్కన పెట్టండి, లేకపోతే స్వోత్కర్ష అంటారు. తొమ్మిది పాత పేపర్లను ఆమె ఓర్కిడ్ ఖాతాలో (పరిశోధకుల గుర్తింపు సంఖ్య ఖాతా) కలపడం మర్చిపోకండి, అది పది నిమిషాల పని.

#28 కొత్త పాఠకుడు

నాకు ఈ రంగంతో ఏ సంబంధమూ లేదు, కానీ మేడమ్ ఏమన్నారో చెప్పకుండా వెళ్లకండి.

#29 మధ్య రచయిత

నిన్న వెళ్లాను. ఇరవై కాదు, ఇరవై ఆరు చదివాను. ఈ యాంటీబాడీ లేకుండా నిలబడనివి ఆరు తేలాయి. అందులో ఒకటి ఆ కణాలు పేగులో మంచి బ్యాక్టీరియాను చూసీ చూడనట్టు వదిలేస్తాయని చెప్పిన పేపర్. అది నాకు కంఠతా వచ్చు, క్లాసులో పాఠం కూడా చెప్పాను. ఆ ఆరింటి మీదే వ్యాసం రాశాను. హెచ్-ఇండెక్స్‌ను చివర పెట్టె కట్టి పెట్టాను, సంచిక ఆయన ఒప్పుకున్నారు. సమీక్షా వ్యాసానికి ఒక వాక్యం.

మేడమ్‌కు ప్రింట్ తీసి ఇచ్చాను, మూడు వందల జాబితా కూడా వెనక జతచేసి. వ్యాసం గబగబా చదివి పక్కన పెట్టారు. జాబితా మాత్రం తీసుకుని కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కో లైనూ చూశారు. మధ్యలో రెండు మూడు చోట్ల "వీళ్లకు నేనే పంపాను, పోస్టులో ట్యూబు పగిలితే మళ్లీ పంపాను" అన్నారు. నా పేపర్ దగ్గర ఆగారు. నాకు చెమటలు పట్టాయి. లోపలికి వెళ్లి కంప్యూటర్‌లో అది తెరిచి, అనుబంధంలోని ఆరో బొమ్మ దాకా వెళ్లారు.

"ఇది ర్యాట్ ఐజీజీ2ఎ. నువ్వు ఐసోటైప్ కంట్రోల్ ఐజీజీ1 పెట్టావు."

ఐసోటైప్ కంట్రోల్ అంటే పోలిక కోసం పెట్టే, ఆ కణానికి అంటుకోని యాంటీబాడీ. అది అసలుదాని తరగతిదే కావాలి, నేను వేరే తరగతిది పెట్టాను. ఉదహరించనందుకు ఒక్క మాట అనలేదు. కంట్రోల్ మార్చి ఆ ఒక్క బొమ్మ మళ్లీ చేసి చూపించమన్నారు, రిటైరయ్యేలోపు. పాత స్టాక్‌లోంచి ఒక ట్యూబు తీసి ఐస్‌లో పెట్టి ఇచ్చారు. సోమవారం, కణాలను రంగును బట్టి లెక్కించే ఫ్లో మెషీన్ బుక్ చేసుకున్నాను.